లిస్టులో మేం కనపడుతున్నాం, మీరే కనపడట్లేదు

వెలగపూడిలో కూర్చుని పథకాలకి లిస్టులు, పోర్టళ్ళు, డాష్‌బోర్డులు చేయించే పెద్ద ఆఫీసర్లందరికీ గుంటూరు నించి ఒక జిరాక్స్ షాపాయన రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా, అమ్మా, నమస్కారం.

నా షాపు నగరంపాలెంలో, కలెక్టరేట్‌కి దగ్గర్లోనే. జిరాక్స్, నెట్, పాస్‌పోర్ట్ ఫోటోలు, వాటితోపాటు అర్జీలు రాసిపెట్టడం. సోమవారం గ్రీవెన్స్‌కి, అంటే అర్జీలు ఇవ్వడానికి, వచ్చేవాళ్ళు కలెక్టరేట్‌లోని శంకరన్ హాల్లోకి పోయేముందు నా దగ్గర ఆగుతారు, తాడికొండ వాళ్ళు, పొన్నూరు వాళ్ళు, దుగ్గిరాల వాళ్ళు, టౌన్లోంచైతే ఆనందపేట, సంజీవయ్య నగర్ వాళ్ళు, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్, రేషన్ కార్డు, మడతలు పడి చిరిగిపోతున్న పాత అర్జీ కాపీ. ప్రభుత్వాలు మారాయి, అర్జీలు తీసుకునే కార్యక్రమం పేరు స్పందన పోయి పీజీఆర్ఎస్ వచ్చింది, ఫోన్ నంబరు 1902 పోయి 1100 వచ్చింది, నేను కాగితం మీద రాసే సంగతులు మాత్రం పెద్దగా మారలా.

మీరు ఎక్కడ మాట్లాడినా పారదర్శకత అంటారు. అర్హుల లిస్టు గ్రామ, వార్డు సచివాలయం గోడకి అంటించాం, అనర్హుల లిస్టు కూడా అంటించాం, సోషల్ ఆడిట్ (జనం ముందు లెక్క చదివే తనిఖీ) అయిపోయింది, ఆన్‌లైన్లో ఎవరైనా చూసుకోవచ్చు, ఇంకేం కావాలి అంటారు. అంటించారు, కాదనట్లా. నా గొడవ ఏంటంటే ఆ టార్చిలైటు మా మొహాల మీద కొట్టి మీరు వెనకాల చీకట్లో నిలబడ్డారు. మా పేరు, మా ఇంటాయన పేరు, మా కరెంటు మీటరు, మాకెంత పొలముందో, మా ఖాతాలో ఎంత పడిందో ఊరందరికీ తెలుస్తుంది, మా పేరు ఎవరు తీశారు, ఏ కాగితం చూసి తీశారు, మళ్ళీ ఎక్కించాల్సింది ఎవరు అనేది మాత్రం దేవుడిక్కూడా తెలీదు.

ఇది రాస్తున్నా కదా అని నన్ను అన్నీ దాచిపెట్టమనే బ్యాచ్‌లో కలపొద్దు. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) 2005 అక్టోబర్ 12న అమల్లోకి వచ్చింది, అప్పట్నించీ ఆ దరఖాస్తులు రాసిపెడుతున్నా. పంచాయతీ స్థాయిలో ఫీజే లేదు, మండలం ఆఫీసుకి 5 రూపాయలు, పైవాటికి 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి, నీకెందుకు ఈ సమాచారం అని అడిగే హక్కు ఆఫీసర్‌కి లేదు. ఇంత సులువైన చట్టం మన దేశంలో ఇంకోటి చూపించమనండి. 2008 నించి నడుస్తున్న జీవోల (ప్రభుత్వ ఉత్తర్వుల) సైటుని 2021 ఆగస్టులో మూసేసినప్పుడు తిట్టుకున్నవాళ్ళల్లో నేనూ ఉన్నా. అంతకుముందు కొన్నాళ్ళు నంబరు మాత్రం వేసి లోపల ఏమీ లేని ఖాళీ జీవోలు పెట్టారు, ఆ తర్వాత అసలు పెట్టడమే మానేశారు. 2024 ఆగస్టు చివర్లో మళ్ళీ పెట్టడం మొదలెట్టారు, సంతోషం. కాబట్టి తెరవొద్దు అనట్లా. ఏది తెరుస్తున్నారు, ఎవరికి తెరుస్తున్నారు అని అడుగుతున్నా.

ఒకావిడ సంగతి చెప్తా. టైలరింగ్ చేసుకుంటుంది, అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు. పిల్లల్ని చదివించే తల్లులకి డబ్బులు వేసే తల్లికి వందనం పథకం లిస్టులో అనర్హుల వైపు పేరు పడింది, కారణం దగ్గర కరెంటు వాడకం 300 యూనిట్లు దాటింది అని ఉంది. ఈవిడ ఇంట్లో రెండు ఫ్యాన్లు, ఒక టీవీ, కుట్టుమిషను, అంతే, బిల్లులు తెచ్చి చూపించింది నెలకి 100 కూడా దాటట్లేదు. తవ్వగా తవ్వగా తేలిందేంటంటే ఆవిడ ఆధార్‌కి ఇంటి ఓనర్ గారి మీటర్ కూడా లింక్ అయ్యుంది, పైన ఏసీలు తిరిగే ఓనర్ గారి మీటర్. సచివాలయానికి పోతే మా లాగిన్లో ఆ ఆప్షన్ లేదమ్మా కరెంటాఫీసుకి పో అన్నారు, కరెంటాఫీసుకి పోతే అసలు నీ పేరు మీద మీటరే లేదు కదమ్మా మేమేం తీయాలి, సచివాలయానికే పో అన్నారు. పెద్దాఫీసులో అర్జీ పెడితే అది తిరిగి తిరిగి మళ్ళీ ఆ సచివాలయానికే వచ్చింది. సిస్టమ్ తీసుకోవట్లేదండి అనే మాట కింద నించి పై దాకా అందరి నోట్లో ఒకటే, ఆ సిస్టమ్ ఏ ఊళ్ళో ఉంటుందో దానికి జీతం ఎవరిస్తారో ఎవరూ చెప్పరు.

ఇక్కడ చూడండి, అన్నీ పారదర్శకంగానే ఉన్నాయి. 300 యూనిట్లు అనే రూలు అందరికీ తెలుసు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, టౌన్లో 1000 చదరపడుగుల ఇల్లు, నాలుగు చక్రాల బండి, ఇన్‌కమ్ ట్యాక్స్, గవర్నమెంట్ ఉద్యోగం, అర్హత తేల్చే ఈ ఆరు తనిఖీలు, సిక్స్ స్టెప్ వాలిడేషన్ అనేది మా షాపు ముందు టీ తాగే ఆటోవాళ్ళకి కూడా నోటికొచ్చు. లిస్టు గోడ మీద ఉంది, కారణం కూడా రాసుంది. దానివల్ల ఆవిడకి జరిగిన మేలు ఏంటయ్యా అంటే వీధిలో వాళ్ళు చదివి ఏంటమ్మా ఏసీ పెట్టించావంట మాకు చెప్పలేదే అని ఎగతాళి చేయడం. ఆ మీటరు లింకు ఎవరు పెట్టారు, ఏ తేదీన, ఏ సర్వేలో, తీసేసే అధికారం ఏ హోదా వాళ్ళకి ఉంది, ఇవి నాలుగు లైన్లు. ఈ నాలుగు లైన్లు గోడ మీద లేవు, పోర్టల్లో లేవు, ఆర్టీఐలో అడిగితే సంబంధిత శాఖకి బదిలీ చేయడమైనది అని ఉత్తరం వస్తుంది.

బుడమేరు వాగు వరద సంగతి ఇంకోటి. 2024 సెప్టెంబర్ 1న విజయవాడలో సగం టౌను మునిగింది కదా, మా మరదలు వాళ్ళు సింగ్‌నగర్ వైపు కింద పోర్షన్లో అద్దెకుంటారు. గ్రౌండ్ ఫ్లోర్ మునిగినవాళ్ళకి 25 వేలు, పై అంతస్తుల వాళ్ళకి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది, ఇంటింటికీ తిరిగి ఎన్యూమరేషన్ (నష్టం లెక్క) చేసి లిస్టులు సచివాలయాల దగ్గర పెట్టారు. మంచి పనే, అంత తొందరగా అంతమందికి డబ్బులు వేయడం చిన్న విషయం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఆ కాగితం గోడ మీద పడ్డాక ఏం జరిగిందో మీ రివ్యూ మీటింగుల్లో ఎవరూ చెప్పుండరు.

పొద్దున అంటించారు, మధ్యాహ్నానికి ప్రతి పేజీ ఫోటో తీసి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. సాయంత్రానికి వారం కిస్తీ వసూలు చేసే ఫైనాన్స్ కుర్రాడి ఫోన్లోనూ అదే ఫోటో. మా మరదలు ఇంట్లోంచి ఇంకా బురద పారతో తోడుకుంటోంది, మంచం కోళ్ళు ఊడిపోయి గోడకి ఆనించున్నాయి, బియ్యం నాని కంపు కొడుతోంది, ఆ కుర్రాడు గుమ్మంలో నిలబడి అక్కా నీ పేరు మూడో పేజీలో ఉంది పాతిక వేలు పడ్డాయిగా రెండు కిస్తీలు కట్టెయ్ అన్నాడు. పడలేదు తమ్ముడూ బ్యాంకులో ఆధార్ లింక్ అవ్వలేదంట అని చెప్తే నమ్మడే, లిస్టులో పేరుంటే పడినట్టే కదా అంటాడు. గోడ మీద పేరు రావడానికీ ఖాతాలో డబ్బు రావడానికీ మధ్య ఎన్ని గుమ్మాలున్నాయో మీకు తెలుసు, నాకు తెలుసు, వాడికి తెలీదు, తెలిసినా వాడికి అనవసరం.

అంతటితో అయిపోలా. పైన ఉండే ఓనర్ గారికి 10 వేలు, కింద అద్దెకున్న వీళ్ళకి 25 వేలు అని అక్షరాలా రాసుంటే ఆయనకి కాలింది, గోడలు పాడైంది నావి డబ్బులు మీకా అన్నాడు, నెల తిరక్కుండా అద్దె పెంచాడు. పక్కింటి వాళ్ళ పేరు లిస్టులో అసలు లేనే లేదు. ఎన్యూమరేషన్ వాళ్ళు వచ్చినప్పుడు తాళం వేసుందని రాసుకున్నారంట, పీకల్లోతు నీళ్ళొస్తే తాళం వేసుకుని చుట్టాలింటికి పోకుండా ఎవరుంటారండీ. అయితే ఆ తాళం సంగతి గోడ మీద లేదు, పేరు లేకపోవడం ఒక్కటే కనపడుతోంది. దాంతో వాళ్ళ కోపం ప్రభుత్వం మీదకి పోలా, మా మరదలు మీదకి పోయింది. మీరెవరినో పట్టుకుని రాయించుకున్నారు, మా పేరు కొట్టించారు అని. ఎన్నో ఏళ్ళుగా కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు ఇప్పుడు మాట్లాడుకోవట్లేదు. ఎందుకు రాలేదు అనే ప్రశ్నకి మీరు జవాబు రాయకపోతే జనం సొంతంగా ఒకటి రాసుకుంటారు, అందులో విలన్ ఎప్పుడూ పక్కింటోళ్ళే.

ఇదంతా చిన్న విషయం అనుకుంటే పెద్దవి కూడా చెప్తా. 2017 మే నెలలో సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ అనే సంస్థ ఒక రిపోర్ట్ వేసింది, నాలుగు ప్రభుత్వ సైట్లలో కలిపి దాదాపు 13 కోట్ల ఆధార్ నంబర్లు, 10 కోట్ల బ్యాంకు ఖాతా నంబర్లు బయటపడి ఉండొచ్చని అంచనా వేసింది. ఆ నాలుగింట్లో రెండు మన రాష్ట్రానివే, ఒకటి చంద్రన్న బీమాది, ఇంకోటి ఉపాధి హామీ రోజువారీ చెల్లింపులది. ఎవరో రష్యావాడు హ్యాక్ చేసి పట్టుకుపోలేదండీ, మనమే పద్ధతిగా టేబుల్ గీసి, కాలమ్‌లు పెట్టి, చూసుకోండి అని వదిలాం. మరుసటేడు 2018లో ఇంకా ఘోరం, అన్న సంజీవని మందుల షాపుల డాష్‌బోర్డులో ఎవరు ఏ మందు కొన్నారో పేరు, ఫోన్ నంబరుతో సహా కనపడింది, నలుగురిలో అడిగి కొనుక్కోలేని మందులతో సహా. ఆ డాష్‌బోర్డు పెట్టిన ఉద్దేశం ఏమై ఉంటుంది, షాపులు సరిగ్గా నడుస్తున్నాయో లేదో చూద్దామని. షాపు పనితీరు చూపించబోయి పేషెంటు జబ్బు చూపించారు.

అది అప్పటి ముచ్చట, ఇప్పుడు జాగ్రత్తగా ఉన్నాం అంటారేమో. పెన్షన్ల సంగతి ఆలోచించండి. ఏఆర్‌టీ అనే హెచ్ఐవీ మందులు వాడేవాళ్ళకి పెన్షన్ ఉంది, డయాలసిస్ వాళ్ళకి ఉంది, ఒంటరి మహిళలకి ఉంది. కంప్యూటర్లో కేటగిరీ అనే కాలమ్ ఉంటుంది కదా, ఏ కొత్త కుర్రాడో ఆ కాలమ్ దాచడం మర్చిపోయి ఎక్సెల్ ప్రింట్ తీసి గోడకి కొట్టాడంటే ఆ కుటుంబం ఆ వీధిలో ఉండగలదా? హెచ్ఐవీ ఉన్నవాళ్ళ వివరం వాళ్ళ అనుమతి లేకుండా బయటపెట్టకూడదని 2017లో పార్లమెంటు చట్టమే చేసింది. చట్టం ఢిల్లీలో ఉంటుంది, ప్రింట్ బటన్ వార్డులో ఉంటుంది.

మరి లిస్టులు దాచేస్తే దొంగ పేర్లు ఎట్టా పట్టుకుంటారు అని మీలో ఒకరు అడుగుతారు. సరైన ప్రశ్నే. 2006లో ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీకి సోషల్ ఆడిట్లు పెట్టినప్పుడు ఊళ్ళో జనాన్ని కూర్చోబెట్టి మస్తర్ (కూలీల హాజరు పట్టీ) గట్టిగా చదివేవాళ్ళు. ఫలానా సుబ్బయ్య ఇన్ని రోజులు పనిచేశాడు, ఇంత తీసుకున్నాడు అని చదవగానే వెనక నించి ఎవరో సుబ్బయ్య పోయి రెండేళ్ళయిందయ్యా అని అరిచేవాళ్ళు, అక్కడే కూర్చున్న ఆఫీసర్ దానికి జవాబు చెప్పాల్సొచ్చేది, డబ్బు తిన్నవాడు తలకాయ దించుకునేవాడు. అది పారదర్శకత. చదివేవాళ్ళు, వినేవాళ్ళు, సమాధానం చెప్పాల్సినవాళ్ళు ముగ్గురూ ఒక చెట్టు కిందే ఉన్నారు, తప్పు తేలితే రికవరీ దాకా పోయే దారి ఉంది. అదే లిస్టుని నెట్‌లో పెట్టి చేతులు దులుపుకుంటే దాన్ని చదివేది ఎవరు? లోన్ యాప్ వాడు, బీమా ఏజెంటు, ఎలక్షన్ వస్తే పార్టీవాడు. ఊళ్ళో ఆవిడకి ఆ సైటు ఉందనే తెలీదు, తెలిసినా క్యాప్చా దాటదు. కాగితం ఒకటే గానీ ఎవరి ముందు చదివారు అన్నదాన్నిబట్టి పని మారిపోతుంది.

ఇక డాష్‌బోర్డులు. పెండింగ్ ఎన్ని, బియాండ్ ఎస్ఎల్ఏ అంటే గడువు దాటినవి ఎన్ని, జిల్లాకి ర్యాంకు ఎంత, అన్నీ అందరికీ కనపడుతున్నాయి కాబట్టి ఆఫీసర్లు పరిగెత్తి పనిచేస్తారు అనుకున్నారు. పరిగెత్తారు, కాదనను, కాకపోతే అర్జీని మూసేయడానికి పరిగెత్తారు. మా దగ్గరికొచ్చే రెండో అర్జీల్లో చాలావాటికి వెనకాల ఒక ఎండార్స్‌మెంట్ ఉంటుంది, అంటే ఆఫీసు రాసిచ్చిన జవాబు, అర్జీదారునితో ఫోన్లో మాట్లాడి వివరించడమైనది, పరిష్కరించడమైనది. ఏం వివరించారమ్మా అంటే, ఎవరో ఫోన్ చేసి అర్జీ పెట్టావా అన్నారు, పెట్టా అన్నా, సరే అని పెట్టేశారు, అంతే. ఆ ఒక్క ఫోన్‌తో డాష్‌బోర్డులో పెండింగ్ చూపించే ఎర్ర గడి పచ్చ గడి అయిపోయింది. కాలవ మాత్రం ఇంటిముందు అట్టాగే పొంగుతోంది. పాపం కింద ఉద్యోగిని కూడా అనలేం, గడువు ముగిసేలోపు కాలవ కట్టించే బడ్జెట్ వాడి దగ్గర లేదు, ఎర్ర గడి కనపడితే మాత్రం వీడియో కాన్ఫరెన్స్‌లో అందరిముందు వాడి పేరే చదువుతారు. మేం నడిరోడ్డు మీద, వాడు స్క్రీన్ మీద, బడ్జెట్ ఇవ్వనివాడు మాత్రం ఎక్కడా లేడు.

మీవైపు ఏం జరుగుతోందో కూడా మాకు కొంచెం తెలుసు సార్, జిరాక్స్ షాపువాడి చేతిలోంచి పోని కాగితం ఉండదు. ఫైళ్ళు పలచబడుతున్నాయి. పాత నోట్‌ఫైళ్ళలో క్లర్కు ఒకటి రాసేవాడు, సూపరింటెండెంటు అది కుదరదని రాసేవాడు, పైఆయన ఇద్దర్నీ కాదని కారణం రాసి సంతకం పెట్టేవాడు, చదివితే ఎవరేమన్నారో తెలిసేది. ఇప్పుడు ఎక్కడ చూసినా ప్లీజ్ స్పీక్, తర్వాత పేజీలో చర్చించినట్లుగా అని ఒక ముక్క, ఆ కింద ఆర్డరు. చర్చ ఫోన్లో అయింది. రేపు ఆర్టీఐలో బయటకొస్తుంది, కోర్టుకెక్కుతుంది, పేపర్లో పడుతుంది అని భయం వేసి రాయడమే మానేశారు. నిజాయితీగా వద్దు అని రాయాలనుకున్న ఆఫీసర్ కూడా నాకెందుకొచ్చిన గొడవ అనుకుంటాడు. మౌఖికంగా చెప్పింది తర్వాత రాతపూర్వకంగా ఖాయం చేయాలని అఖిలభారత సర్వీసుల ప్రవర్తనా నియమాల్లోనే ఉంది, మూడో రూల్లో, మీకు నేను చెప్పాలా. కానీ వాట్సాప్ వాయిస్ మెసేజ్‌కి ఖాయం చేసే కాగితం ఎవరడుగుతారు. ఆర్టీఐ ఇచ్చేది రికార్డులో ఉన్నదాన్నే, రికార్డే లేకపోతే చట్టం ఎంత పదునుగా ఉండి ఏం లాభం. ఇది అందరికంటే ముందు మాలాంటి సమాచారం అడిగేవాళ్ళు ఒప్పుకోవాల్సిన సంగతి, మేం తలుపు తెరిపించాం, లోపల సామాను ఇంకో గదిలోకి పోయింది.

జీవోలూ అంతే. సైటు తెరిచి చూస్తే మందలు మందలుగా ఉంటాయి, ఎక్కువ భాగం మాకు పనికిరానివి, ఫలానా ఉద్యోగి ఫలానా ఆసుపత్రిలో చేయించుకున్న ఆపరేషన్‌కి మెడికల్ రీయింబర్స్‌మెంట్ మంజూరు లాంటివి. ఆయన గుండె సంగతి నాకెందుకండీ? నాకు కావాల్సింది మా ఏరియా రోడ్డు డబ్బు ఇంకోచోటికి ఎందుకు మళ్ళింది అని. ఆ జీవో వెతికి పట్టుకుంటే అందులో ప్రభుత్వం క్షుణ్ణంగా పరిశీలించిన మీదట ఇందుమూలముగా ఆదేశించడమైనది అని ఉంటుంది. ఏం పరిశీలించారో ఒక్క లైను ఉండదు.

ఆర్టీఐ గురించి కూడా మొహమాటం లేకుండా చెప్పాలి. దాన్ని బతుకుతెరువు చేసుకున్నవాళ్ళు తయారయ్యారు, మెడలో ఐడీ కార్డు వేసుకుని కొత్తగా ఇల్లు కట్టేవాళ్ళ ప్లాన్ కాపీలు తీయించి, డీవియేషన్ ఉందని, అంటే ప్లాన్ తప్పి కట్టారని, చూపించి, ఇంటాయనతో సెటిల్ చేసుకుని ఆ అప్పీలు వదిలేసేవాళ్ళు. నా షాపుకీ వస్తారు, నేను జిరాక్స్ తీసి డబ్బులు తీసుకుంటా, అర్జీ మాత్రం రాసివ్వను. వీళ్ళవల్ల అసలైనోడు పోయినా కౌంటర్లో అదే చూపు చూస్తారు. 2011లో సుప్రీంకోర్టు కూడా ఒక కేసులో అంది, ఆఫీసుల్లో 75 శాతం మంది 75 శాతం టైము అడిగినవాళ్ళకి సమాచారం పోగేయడానికే పెట్టే పరిస్థితి దేశం కోరుకోదని. మంచి మాటే గానీ ఆ తీర్పు ముక్క పట్టుకుని వృద్ధాప్య పెన్షన్ ఎందుకు ఆగిందని అడిగిన ముసలాయన్ని కూడా వెనక్కి పంపితే ఎట్టా? సెక్షన్ 4 ప్రకారం మీరే ముందుగా బయటపెట్టాల్సినవి పెడితే సగం దరఖాస్తులు రావు. అది చేయరు, వచ్చిన దరఖాస్తుల్ని చూసి విసుక్కుంటారు.

అడిగినవాడి అడ్రసు మాత్రం ఎంత తొందరగా బయటికి పోతుందో. ఒకాయన తన వీధిలో వేసిన డ్రైనేజీకి బిల్లు ఎంతయింది, మెజర్‌మెంట్ బుక్ (పని కొలతలు రాసే పుస్తకం) కాపీ ఇవ్వమని ఆర్టీఐలో అడిగాడు. ఆఫీసు నించి జవాబు రాకముందే కాంట్రాక్టర్ మనిషి నించి ఫోనొచ్చింది, ఏం బాబాయ్ మనం మనం కూర్చుని మాట్లాడుకునేదానికి కాగితాలెందుకు అని. ఆ నంబరు వాళ్ళకెవరిచ్చారు? ఆ దరఖాస్తు నా కంప్యూటర్లోనే టైప్ అయింది, నేనివ్వలా. గుజరాత్‌లో 2010లో అమిత్ జెఠ్వాని హైకోర్టు ఎదురుగానే కాల్చి చంపారు, అదే ఏడు పుణె దగ్గర తళేగావ్‌లో సతీష్ శెట్టిని చంపేశారు, ఇద్దరూ సమాచారం అడిగినవాళ్ళే. మన దగ్గర అంతదాకా రాలేదు అని నేను ధీమాగా ఉండలేను.

చివరికి ఆ మెజర్‌మెంట్ బుక్ వచ్చిందా అంటే రాలా. ఇది వ్యక్తిగత సమాచారం అన్నారు. సిమెంటు ఎన్ని బస్తాలు పడింది అనేది ఎవరి వ్యక్తిగతమండీ? 2023 డేటా ప్రొటెక్షన్ చట్టంలో సెక్షన్ 44(3) అని ఒకటి పెట్టి ఆర్టీఐలో వ్యక్తిగత సమాచారం ఎప్పుడు ఇవ్వక్కర్లేదో చెప్పే 8(1)(జె)ని మార్చేశారు, 2025 నవంబర్లో అమల్లోకి కూడా తెచ్చారు. అంతకుముందు ఆ క్లాజులోనే ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వాలని, అసెంబ్లీకి కాదనలేనిది మామూలు మనిషికీ కాదనకూడదని ఉండేది, ఇప్పుడు అవన్నీ పోయి వ్యక్తిగత సమాచారం అనే రెండు మాటలే మిగిలాయి. ఆర్టీఐ 8(2)లో ప్రజాప్రయోజనం ఇంకా ఉంది, కాకపోతే అది కింద కౌంటర్లో ఎవరు చదివి ఇస్తారు, మంగళగిరిలో సమాచార కమిషన్ దాకా పోయి వాదించుకోవాలి. అంటే ఇప్పుడు లెక్క ఇట్టా తేలింది: పాతిక వేలు వరద సాయం తీసుకున్న మా మరదలు పేరు గోడ మీద పబ్లిక్, డ్రైనేజీ బిల్లు తీసుకున్న కాంట్రాక్టర్ లెక్క పర్సనల్. గోప్యత అవసరమైనోళ్ళకి దొరకలేదు, అవసరం లేనోళ్ళకి కవచం దొరికింది.

ఇవి అడుగుతున్నా, పెద్ద సాఫ్ట్‌వేర్ ఏం అక్కర్లేదు.

గోడ మీద లిస్టు పెట్టండి, అందులో పేరు, డోరు నంబరు చాలు, డబ్బెంత, ఏ కేటగిరీ, ఏ జబ్బు అనేవి తీసేయండి, అవి ఎవరివి వాళ్ళకి ఓటీపీ కొడితే కనపడితే సరిపోతుంది. జబ్బు పెన్షన్లకి అసలు గోడే వద్దు. నెట్‌లో పెట్టిన పాత లిస్టుల్ని ఆడిట్ అయిపోయాక తీసేయండి, అయిదేళ్ళ కిందటి వరద లిస్టు ఇప్పుడు ఎవరికి కావాలి, వసూళ్ళవాడికి తప్ప. పేరు తీసేసిన ప్రతి మనిషికీ ఒక కాగితం ఇవ్వండి, ఏ రూలు, ఏ డేటా చూసి, ఆ డేటా ఏ శాఖది, సరిచేసే ఆఫీసర్ హోదా ఏంటి, ఎన్ని రోజుల్లో. పేరు అక్కర్లేదు, హోదా చాలు, ఆయన ఇంటి మీదకి ఎవరూ పోరు. లిస్టు చదివే రోజు ఆ హోదా ఆయన అక్కడ కుర్చీ వేసుకుని కూర్చోవాలి, వార్డు సెక్రటరీ పిల్లల్ని ముందుకి తోసి ఊరుకోకూడదు, వాళ్ళు తిట్లు తినడానికి ఉద్యోగంలో చేరలా.

అర్జీ పరిష్కారమైంది అనే మాట అర్జీ పెట్టినాయన ఓటీపీ చెప్తేనే పడేట్టు చేయండి, అప్పుడు మీ ర్యాంకులు పడిపోతాయి, పడనివ్వండి, మొదటిసారి నిజమైన నంబరు చూస్తారు. జీవోలో పరిశీలించిన మీదట అన్నచోట ఏం పరిశీలించారో అయిదు లైన్లు రాయండి. ఫైల్లో కాదని రాసిన చిన్న ఆఫీసర్‌కి ఆ రాసినందుకు ట్రాన్స్‌ఫర్ కాకుండా చూడండి, ఇది మీరు చేస్తారని నాకు నమ్మకం లేదు, అయినా అడగాలి కాబట్టి అడిగా.

ఇంకోటి. ఆ టైలరింగ్ ఆవిడ ఆధార్‌కి ఓనర్ గారి మీటరు ఇంకా అట్టాగే అంటుకుని ఉంది. అలాంటివి తీసే లాగిన్ ఎవరి దగ్గరుందో కనీసం ఈ లేఖకి జవాబుగానైనా చెప్పండి, ప్రింట్ తీసి షాపు ముందు అంటిస్తా, ఆ ఒక్క లిస్టుకి మాత్రం నా దగ్గర ఎవరికీ అభ్యంతరం ఉండదు.

ఇట్లు,
కలెక్టరేట్ దగ్గర అర్జీలు రాసే మనిషి, గుంటూరు.
(పేరు, ఫోన్ నంబరు రాయట్లేదు, ఎందుకో పైన డ్రైనేజీ బిల్లు దగ్గర చెప్పా.)